నీరు పల్లమెరుగు – మరి పల్లమే లేని చోట?

నౌపడ జంక్షన్ దాటుతుంటే రైలు కిటికీలోంచి తెల్లటి కుప్పలు వరసగా కనిపిస్తాయి. అవి ఉప్పు కుప్పలు. ఎండాకాలమంతా మడుల్లో పండించి, గట్టుమీద పోసి, వాన పడే వేళకి తాటాకు కప్పుతారు. కొత్తగా చూసేవాళ్ళు కెమెరాలు తీస్తారు. మా ఊరివాళ్ళం మాత్రం ఆ కుప్ప ఈ సంవత్సరం ఎంత కరుగుతుందో, ఎంత గడ్డకడుతుందో అని చూస్తాం. ఉప్పు కరిగితే నష్టం. గడ్డకడితే గునపం పట్టాలి.

ఉప్పు ఎందుకు గడ్డకడుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తనలోకి లాక్కుంటుంది. మన సముద్రతీరంలో అది దాటని రోజులు తక్కువ. గళ్ళ మీద పల్చటి ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. రెండు గళ్ళు తాకే చోట ఆ నీరు పోగయి ఒక చిన్న వంతెనలాగా నిలుస్తుంది. మళ్ళీ ఎండ కాస్తే వంతెనలోని నీరు ఆవిరైపోయి, అందులో కరిగి ఉన్న ఉప్పు అక్కడే గట్టిపడుతుంది. నీటి వంతెన కాస్తా ఉప్పు వంతెన అయింది. ఇలాంటివి లక్షల కొద్దీ కలిస్తే బస్తా మొత్తం ఒకే రాయి!

ఈ వ్యాసం ఆ నీటి వంతెన గురించే. రెండు గట్టి వస్తువుల మధ్య చిక్కుకున్న కొంచెం నీరు ఎలా ప్రవర్తిస్తుంది? భూమి మీద ఒకలాగా, బరువన్నదే తెలియని చోట ఇంకొకలాగా. ఆ రెండో సంగతి తెలియకపోతే మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చు. ఒకసారి నిజంగానే వచ్చింది. అది ముందు ముందు చెబుతాను.

మొదట ఇంటర్మీడియట్‌లో చదివి మరచిపోయిన నాలుగు ముక్కలు గుర్తు చేసుకుందాం. ఆర్ట్సు మిత్రులు భయపడనక్కరలేదు, లెక్కలు చాలా తక్కువ. నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. దీన్ని సంసంజన బలం అంటారు. లోపలి అణువుని అన్ని వైపుల నుంచీ లాగేవాళ్ళున్నారు. పైతలం మీది అణువుకి పైన లాగేవాళ్ళు లేరు కాబట్టి అది లోపలికే లాగబడుతుంది. అందుచేత నీరు తన పైతలాన్ని వీలైనంత చిన్నది చేసుకోవాలని చూస్తుంది. ఇదే తలతన్యత. నీటికిది సెంటీమీటరుకు సుమారు 72 డైన్లు. మరో పక్క నీటి అణువుల్ని గాజు, మట్టి, బట్ట కూడా లాక్కుంటాయి. అది అసంజన బలం. ఈ రెండు లాగుడుల పోట్లాటలో ఎవరిది పైచేయి అన్నది స్పర్శకోణం చెబుతుంది. శుభ్రమైన గాజు మీద నీరు పరుచుకుపోతుంది, కోణం దాదాపు సున్న. చేమాకు మీద నీరు ముత్యంలా దొర్లుతుంది, కోణం లంబకోణం కంటే చాలా ఎక్కువ.

సన్నటి గాజు గొట్టాన్ని నీటిలో ముంచితే నీరు పైకెక్కుతుంది. ఇది కేశనాళికీయత. గొట్టం వ్యాసార్ధం ఒక మిల్లీమీటరైతే సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతుంది. అందులో పదోవంతు సన్నం చేస్తే పదిరెట్లు, అంటే 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. గొట్టమే అక్కరలేదు. రెండు గాజు పలకలు ఒక మిల్లీమీటరు ఎడంతో నిలబెట్టినా వాటి మధ్య నీరు ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తుంది. నీటిని పైకి లాగేది తలతన్యత, కిందికి లాగేది ఎక్కిన నీటి బరువు. రెండూ సమానమైన చోట నీరు ఆగిపోతుంది.

పుస్తకంలో ఇది ఒక పేజీ సంగతి. మాకు మాత్రం బతుకుతెరువు సంగతి. ఉప్పుటేరు పక్కనున్న పొలాల్లో భూమి కింద ఉన్నది ఉప్పునీరే. మట్టి రేణువుల మధ్య సందులే సన్నటి గొట్టాల్లాగా పనిచేసి ఆ నీటిని పైకి లాగుతాయి. మెత్తటి బంకమట్టిలో అది మీటరు, ఆ పైన కూడా ఎక్కగలదు. పైకి వచ్చిన నీరు ఎండకు పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నేల మీద తెల్లగా పూత. దాన్నే మేం చౌడు పట్టిందంటాం. కోత అయిపోగానే, నేలలో పదును ఉండగానే, మా నాన్న తొందరపడి దుక్కి దున్నించేవాడు. పైమట్టి పెళ్ళలుగా విరిగితే ఆ సన్నటి దారులు తెగిపోతాయి. నీరు పైదాకా రాదు, ఉప్పూ రాదు. మా నాన్న కేశనాళికీయత అన్న మాట ఎన్నడూ వినలేదు. ఆ మాట నోరు తిరగని మా తరగతి వాళ్ళకంటే ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు.

ఇప్పుడు ఒక చిలిపి ప్రశ్న. నీరు ఎక్కే ఎత్తు లెక్కకట్టే సూత్రంలో గురుత్వ త్వరణం హారంలో ఉంటుంది. దాన్ని సున్న చేస్తే? ఎత్తు అనంతం అవుతుంది! అంటే బరువు లేని చోట గొట్టంలోకి ఎక్కిన నీరు ఇక ఆగదా?

ఈ మాట మా తాతతో అన్నాను. "ఏటిరా బాబూ, నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీ నీరు గోడెక్కి పోతాదేటి?" అన్నాడు. తాత అడిగినదానిలో తప్పేమీ లేదు. పల్లం అంటే ఏమిటి? భూమి లాగే వైపు. భూమి లాగుడు తెలియని చోట పల్లమూ లేదు, మిట్టా లేదు. అక్కడ నీటికి తెలిసిన పల్లం ఒక్కటే – సందు. ఎక్కడ సందు ఇరుకుగా ఉంటే అటు పోతుంది.

ఇక్కడొక అపోహ తీసెయ్యాలి. అంతరిక్షంలో ఆకర్షణ శక్తి ఉండదని చాలామంది అనుకుంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. ఆ ఎత్తున భూమి ఆకర్షణ ఇక్కడున్న దానిలో దాదాపు పదింట తొమ్మిది వంతులుంది. మరి తేలడం ఎందుకు? ఆ కేంద్రమూ, అందులోని మనుషులూ, వాళ్ళ చేతిలోని నీళ్ళూ అన్నీ కలిసి ఒకే వేగంతో భూమి చుట్టూ పడిపోతూ ఉన్నాయి కనుక. నూతిలోకి చేద వేస్తున్నప్పుడు తాడు తెగిందనుకోండి. చేద, చేదలోని నీరు కలిసే పడతాయి. పడుతున్నంతసేపు చేద అడుగుని నీరు నొక్కదు. ఆ క్షణంలో నీటికి బరువు తెలియదు. అమెరికాలో నాసావారి గ్లెన్ కేంద్రంలో సరిగ్గా ఈ పనే చేస్తారు. గాలి తీసేసిన లోతైన గొయ్యిలో ప్రయోగపు పెట్టెను 132 మీటర్లు పడనిస్తారు. 5.18 సెకన్ల పాటు భారరహిత స్థితి దొరుకుతుంది. ఈ ద్రవాల శాస్త్రంలో సగం ఆ అయిదు సెకన్లలోనే పుట్టిందంటే నమ్మండి.

భూమి మీద తలతన్యతకీ బరువుకీ మధ్య ఒక సరిహద్దు ఉంది. నీటి విషయంలో అది సుమారు 2.7 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్న బొట్టుకు తలతన్యతే రాజు, అందుకే అది గుండ్రంగా ఉంటుంది. అంతకంటే పెద్దదైతే బరువు గెలిచి నీరు చదునుగా పరుచుకుంటుంది. ఈ సరిహద్దు గురుత్వ త్వరణపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. అంతరిక్ష కేంద్రంలో మిగిలి ఉండే త్వరణం మన దానిలో పదిలక్షల వంతు అనుకుంటే సరిహద్దు వెయ్యి రెట్లు పెరిగి 2.7 మీటర్లు అవుతుంది. అంటే ఇక్కడ బియ్యపు గింజంత చోట జరిగేది అక్కడ ఒక గదంత చోట జరుగుతుందన్నమాట! నాకు ఈ అంశంలో అన్నిటికంటే నచ్చిన లెక్క ఇదే.

సరే, అనంతం ప్రశ్నకి జవాబు చూద్దాం. గొట్టంలో నీరు చివరిదాకా వెళుతుంది, అంచు దగ్గర మామూలుగా ఆగిపోతుంది. ఫౌంటెన్ లాగా చిమ్మదు. ఎందుకంటే నీటిని లాగేది గొట్టం గోడ. గోడ అయిపోయాక లాగేవాళ్ళెవరు? అంచు పట్టుకుని కొంచెం ఉబ్బి కూర్చుంటుంది.

అసలు తమాషా గుండ్రటి గొట్టంలో కాదు, మూలల్లో ఉంది. 1969లో పాల్ కాంకస్, రాబర్ట్ ఫిన్ అనే ఇద్దరు గణితవేత్తలు కాగితం మీద ఒక సంగతి తేల్చారు. రెండు గోడలు కలిసి మూల ఏర్పడిందనుకోండి. ఆ మూల కోణంలో సగాన్ని స్పర్శకోణంతో కలపండి. మొత్తం 90 డిగ్రీల కంటే తక్కువైతే, భారరహిత స్థితిలో ద్రవం ఆ మూల వెంబడి ఆగకుండా పాకిపోతుంది. 90 దాటితే ఎక్కడున్నది అక్కడే ఒద్దికగా ఉంటుంది. మధ్యస్థంగా కొంచెం పాకడం అనేది లేదు. ఉదాహరణకి స్పర్శకోణం 60 డిగ్రీలుండే ప్లాస్టిక్ పాత్ర తీసుకుంటే, దాని మూల కోణం 60 డిగ్రీల కంటే ఇరుకైతే నీరు పరుగెత్తుతుంది, అంతకంటే వెడల్పైతే కదలదు. ఒక్క డిగ్రీ తేడాతో మొత్తం దృశ్యం మారిపోతుంది. ఇది వట్టి గణితమా, నిజమా అని 1992లో, మళ్ళీ 1995లో కొలంబియా షటిల్‌లో పరీక్షించారు. నిజమే అని తేలింది.

ఈ సూత్రంతో చేసిన ముచ్చటైన వస్తువు కాఫీ కప్పు. అంతరిక్షంలో మామూలు కప్పు వంచితే కాఫీ రాదు. వంచడానికి కింద అనేది ఉండాలి కదా. అందుకని సంచీల్లోంచి గొట్టంతో పీల్చుకు తాగేవారు. 2008లో డాన్ పెటిట్ అనే వ్యోమగామి కేంద్రంలో ఉండగానే ఒక ప్లాస్టిక్ కాగితాన్ని మడిచి, ఒక పక్క ఇరుకైన మూల వచ్చేలా కప్పు తయారుచేశాడు. కాఫీ ఆ మూల వెంట తనంతట తానే పెదవి దగ్గరకు పాకి వస్తుంది. పెదవి ఆనించి జుర్రుకుంటే వెనకాల ఇంకొంచెం వస్తుంది. ఆఖరి చుక్క దాకా అంతే. అంత చదువు చదివి కాఫీ తాగడానికా అని నవ్వకండి. ఆ కప్పు మూలలో జరిగేదే రాకెట్టు ట్యాంకులోనూ జరుగుతుంది. ఆ కథకీ వస్తాను.

రెండు పలకలు సమాంతరంగా కాక, ఒక పక్క దగ్గరగా, ఒక పక్క ఎడంగా ఉంటే వాటి మధ్యనున్న బొట్టు ఇరుకు వైపుకి జరుగుతుంది. 18వ శతాబ్దం మొదట్లోనే హాక్స్‌బీ అనే ఇంగ్లీషు ప్రయోగకారుడు నారింజ నూనె బొట్టుతో దీన్ని చూపించాడు. ప్రకృతి అంతకుముందే కనిపెట్టింది. ఫాలరోప్ అనే చిన్న నీటిపిట్ట ముక్కు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నీటిలోని సూక్ష్మజీవులే దాని ఆహారం. అది తల దించి ముక్కు కొనతో ఒక బొట్టు పట్టుకుని, ముక్కును తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరిచి మూసిన ప్రతిసారీ బొట్టు ఒక మెట్టు గొంతువైపు ఎక్కుతుంది. పీల్చడం లేదు, మింగడం లేదు. మను ప్రకాశ్, ఆయన సహచరులు 2008లో దీని గుట్టు వివరించారు. మన తేలినీలాపురం గూడబాతులకి ఈ అవస్థ లేదు. వాటికి సంచీయే ఉంది!

ఇక వంతెనల సంగతి. రెండు గుండ్రటి బిళ్ళల మధ్య నీటిని స్తంభంలా నిలబెట్టాలంటే భూమి మీద కొద్ది మిల్లీమీటర్లే సాధ్యం. ఆ తరువాత బరువుకి కిందివైపు ఉబ్బి కూలిపోతుంది. బరువు లేకపోతే ఎంత పొడుగు నిలుస్తుంది? దీనికి జవాబు చెప్పినవాడు అంతరిక్షానికి వెళ్ళలేదు సరికదా, ఆయనకి చూపు కూడా లేదు. బెల్జియం దేశపు జోసెఫ్ ప్లేటో 19వ శతాబ్దంలో కళ్ళు పోయాక కూడా ఇతరుల చేత ప్రయోగాలు చేయించి, 1873లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన ఉపాయం చాలా తేలికైనది. ఆలివ్ నూనె నీటి మీద తేలుతుంది, సారాయిలో మునుగుతుంది. రెంటినీ సరైన పాళ్ళలో కలిపితే నూనె తేలదు, మునగదు, మధ్యలో బంతిలాగా నిలుస్తుంది. ఇంట్లో కూర్చుని భారరహిత స్థితి! మన ల్యాబులో ఆలివ్ నూనె బదులు వేరుశెనగ నూనె, నీళ్ళు, స్పిరిట్ చాలు. నీటి పైన స్పిరిట్ ఊరికే పోసేస్తే ఒప్పుకోదు, నెమ్మదిగా కలిపి గంటసేపు వదిలెయ్యాలి. వచ్చే సైన్సు ఎగ్జిబిషన్‌లో ఎవరైనా చేస్తే బాగుంటుంది.

ప్లేటో తేల్చినదేమిటంటే – ద్రవ స్తంభం పొడవు దాని చుట్టుకొలతను మించనంతవరకు నిలుస్తుంది, మించితే నడుము సన్నబడి రెండు ముక్కలవుతుంది. రెండు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్తంభం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు నిలబడగలదన్నమాట. కుళాయి ధార కిందికి వచ్చేసరికి బొట్లుగా తెగడానికీ ఇదే కారణం.

నిజమైన భారరహిత స్థితిలో ఈ వంతెనల్ని పరీక్షించిన చోట్లలో స్కైలాబ్ ఒకటి. స్కైలాబ్ పేరు వినగానే మన పెద్దవాళ్ళు నవ్వుతారు. 1979 జూలైలో అది నెత్తిన పడుతుందని పల్లెల్లో ఎంత గాభరా పుట్టిందో వాళ్ళకి తెలుసు. చస్తే ఎలాగూ చస్తాం అని ఉన్న కోళ్ళన్నీ కోసుకు తిన్నామని మా తాత ఇప్పటికీ చెబుతాడు. చివరికది జూలై 11న హిందూమహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. కోళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఆ స్కైలాబ్‌లో 1973 నవంబరు నుంచి 1974 ఫిబ్రవరి వరకు ఉన్న ఆఖరి బృందం రెండు బిళ్ళల మధ్య ద్రవ స్తంభం నిలిపి, బిళ్ళల్ని గిరగిరా తిప్పి చూసింది. ఆడపిల్లలు ఇద్దరు రెండు కొసలు పట్టుకుని తిప్పే తాడులాగా స్తంభం మొత్తం ఒక పక్కకి వంగి తిరిగింది. దీనితో లాభమేమిటంటారా? ట్రాన్సిస్టర్లకీ, చిప్పులకీ కావలసిన స్వచ్ఛమైన సిలికాన్ స్ఫటికాన్ని చేసే పద్ధతుల్లో ఒకటి ఇదే. రెండు ఘన కడ్డీల మధ్య కరిగిన సిలికాన్ వంతెనలా నిలవాలి. వంతెన తెగితే స్ఫటికం పాడు.

మరొక సంగతి. వంతెన బక్కదే కానీ బలమైనది. సూక్ష్మదర్శిని స్లైడులు రెండు తడిపి అంటిస్తే ఊడదీయడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. లెక్కవేద్దాం. సందు మిల్లీమీటరులో నూరోవంతు అనుకుంటే, తలతన్యతకి రెట్టింపును సందుతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 1,44,000 డైన్ల లాగుడు వస్తుంది. 7.5 సెంటీమీటర్ల పొడవు, 2.5 వెడల్పు ఉన్న స్లైడుకి మొత్తం కలిపితే దాదాపు 2.75 కిలోల బరువంత! రెండు చుక్కల నీటికి ఇంత పట్టు. ఈ లెక్కలో గురుత్వ త్వరణం ఎక్కడా రాలేదని గమనించండి. అంటే అంతరిక్షంలోనూ పట్టు ఇంతే. నీటి బరువు పోతుంది కానీ జిగి పోదు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ ఒక తడి తువ్వాలుని పిండి చూపించాడు. ఆ ప్రయోగం సూచించినవాళ్ళు ఆ దేశపు నోవా స్కోషియా ప్రాంతపు హైస్కూలు విద్యార్థినులు ఇద్దరు. పిండితే నీరు కింద పడలేదు. తువ్వాలు చుట్టూ గొట్టంలాగా చుట్టుకుంది, అక్కడి నుంచి ఆయన చేతుల మీదకు పాకి గాజు తొడుగులా అంటుకుంది. చూసినవాళ్ళంతా సరదాపడ్డారు. అదే ఏడాది జూలై 16న సరదా కాస్తా పోయింది.

ఆ రోజు ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో కేంద్రం బయట పనిచేస్తున్నాడు. అంతరిక్ష సూటులో శరీరాన్ని చల్లబరచడానికి నీరు తిరుగుతూ ఉంటుంది. ఆ ఏర్పాటులో ఒక సన్న రంధ్రం పూడుకుపోయి నీరు గాలిగొట్టంలోకి, అక్కడి నుంచి హెల్మెట్‌లోకి వచ్చింది. తల వెనక తడి తగిలింది. భూమి మీదైతే మెడ వెంబడి కిందికి కారిపోయేది, తుడుచుకుంటే సరి. అక్కడ కారడమన్నది లేదు. తలకీ టోపీకీ మధ్య సందు నీటికి దారి. జుట్టు వెంట, చెవుల మీదుగా, కళ్ళ మీదికి పాకింది. ఆయన వెనక్కి వస్తూ దారిలో తలకిందులుగా తిరగవలసి వచ్చినప్పుడు ముక్కుని కూడా కప్పేసింది. అదే సమయానికి సూర్యుడు అస్తమించాడు. కళ్ళు కనిపించవు, ముక్కుతో గాలి పీల్చలేడు, హెల్మెట్ లోపల చెయ్యి పెట్టి తుడుచుకోలేడు. నడుముకి కట్టిన భద్రతా తాడు లాగుతున్న వైపునే నమ్ముకుని తడుముకుంటూ తలుపు చేరుకున్నాడు. హెల్మెట్‌లో చేరిన నీరు లీటరున్నర ఉంటుందని తరువాత లెక్కకట్టారు. సముద్రం నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున ఒక మనిషి లీటరున్నర నీటిలో మునిగిపోబోయాడు!

ఆ తరువాత హెల్మెట్ల లోపల నీటిని పీల్చుకునే మెత్తని దిండు, ముక్కు మునిగితే గాలి పీల్చుకోవడానికి ఒక గొట్టం అమర్చారు. ఆ దిండు పనిచేసేది కూడా కేశనాళికీయతతోనే. నీటిని ముఖం కంటే ఎక్కువగా ఆకర్షించే ఇరుకు సందులు దానిలో ఉంటాయి. ఉప్పునీటి రోగానికి ఉప్పే మందన్నట్టుంది.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2021 నవంబరులో కమాండరుగా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాడు. 2022 మార్చి 23న ఆయనా, జర్మనీ వ్యోమగామి మాథియాస్ మౌరర్ కలిసి బయట పని ముగించుకుని లోపలికి వచ్చాక చూస్తే మౌరర్ హెల్మెట్ అద్దం లోపల పల్చటి నీటి పొర. ప్రమాదమేమీ జరగలేదు. కానీ లూకా అనుభవం మరిచినవాళ్ళు లేరు. అమెరికా సూట్లతో చేసే మామూలు నడకలన్నీ ఆ ఏడాది నవంబరు వరకు ఆపేశారు. కొద్దిపాటి నీటి పొర ఎనిమిది నెలల పని ఆపింది.

ఇక ట్యాంకు కథ. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న మంగళయాన్ బయలుదేరింది. డిసెంబరు 1న భూమి కక్ష్య వదిలింది. ఆ తరువాత దాదాపు 300 రోజులు దాని పెద్ద ఇంజను నిద్రపోయింది. 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు కూడా పూర్తికాని చిన్న పరీక్ష, 24న అసలు పని – సుమారు 24 నిమిషాలు మండి వేగం తగ్గించాలి. మండకపోతే నౌక అంగారకుణ్ణి దాటి పోతుంది, మళ్ళీ అవకాశం లేదు. మండింది, అందరికీ తెలుసు. మనకి కావలసిన ప్రశ్న వేరు. ఇన్నాళ్ళు బరువు లేకుండా తేలిన ట్యాంకులో ఇంధనం ఎక్కడుంటుంది? అడుగున ఉండదు, అడుగనేదే లేదు. ఇంధనం లోహాన్ని బాగా తడుపుతుంది కనుక గోడలన్నిటికీ అంటుకుని, మధ్యలో వాయువు పెద్ద బుడగగా నిలుస్తుంది. గొట్టం నోటిదగ్గరకు ఇంధనం బదులు బుడగ వస్తే ఇంజను దెబ్బతింటుంది.

వ్యోమనౌకల్లో దీనికి వాడే ఉపాయాలు రెండు రకాలు. ముందుగా చిన్న ఇంజన్లతో నౌకను కొంచెం నెట్టి ఇంధనాన్ని ఒక పక్కకు చేర్చడం ఒకటి. రెండోది కాఫీ కప్పు ఉపాయమే. ట్యాంకు గోడకు దగ్గరగా పల్చటి రేకులు నిలబెడతారు. రేకుకీ గోడకీ మధ్య ఇరుకు మూల వెంబడి ఇంధనం ఎక్కడున్నా తనంతట తానే పాకి గొట్టం నోటికి చేరుతుంది. మోటారు లేదు, కదిలే భాగం లేదు. నోటిదగ్గర సన్నటి లోహపు జల్లెడ కూడా పెడతారు. తడిసిన జల్లెడ ద్రవాన్ని పోనిస్తుంది, వాయువుని పోనివ్వదు. నమ్మకం కుదరకపోతే చిన్నప్పుడు చెరువులో తడి తువ్వాలుతో బుడగ కట్టిన ఆట గుర్తు చేసుకోండి. పొడి తువ్వాలులోంచి గాలి పోతుంది, తడి తువ్వాలులోంచి పోదు. బట్ట కన్నాల్లోని నీటి పొరలే తలుపులు వేసేస్తాయి.

రైతుబిడ్డని కాబట్టి నాకు ట్యాంకు కంటే మడి మీదే మనసు. 2024 డిసెంబరు 30 రాత్రి శ్రీహరికోట నుంచి పోయిన పి.ఎస్.ఎల్.వి. సి–60 రాకెట్టు నాలుగో దశలో ఒక చిన్న పెట్టె ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం వాళ్ళు అందులో ఎనిమిది అలసంద గింజలు పెట్టారు. మన వైపు వాటినే బొబ్బర్లంటాం. నాలుగు రోజులకి మొలకలు వచ్చాయి, ఆ తరువాత ఆకులూ తొడిగాయి. పేపర్లో ఆ ఫొటో చూసి మా అమ్మ "మన పెరట్లో కూడా నాలుగు రోజులకే వస్తాయి కదా, ఇందులో వింతేటుంది?" అంది.

వింత మొలకలో లేదు, తడిలో ఉంది. పొలంలో నీళ్ళు పెడితే ఎక్కువైన నీరు కిందికి ఇంకిపోతుంది, ఆ ఖాళీల్లోకి గాలి వస్తుంది. వేరు నీరూ తాగుతుంది, ఊపిరీ పీలుస్తుంది. అక్కడ ఇంకడం లేదు. పెట్టిన నీరు రేణువుల మధ్య వంతెనలు కట్టుకుని అక్కడే కూర్చుంటుంది. ఎక్కువ పోస్తే వంతెనలు ఒకటితో ఒకటి కలిసిపోయి, సందులన్నీ నిండి, వేరుకి గాలి అందదు. వరద ముంపు పొలంలో కంది మొక్క ఎలా పోతుందో అలాగే పోతుంది. తక్కువ పోస్తే నీరంతా ఒక మూల ముద్దగా పోగై, మరో మూల వేరు ఎండుతుంది. అందుకే ఆ గింజలకి మామూలు మట్టి కాక, సన్న రంధ్రాలు నిండిన బంకమట్టి మాధ్యమాన్ని వాడారు. రేణువు లోపలి సన్న కన్నాలు నీటిని పట్టి ఉంచాలి, రేణువుల మధ్య పెద్ద సందులు గాలికి మిగలాలి. రేణువు మరీ మెత్తనైతే అన్నీ నీరే, మరీ గరుకైతే తడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడవదు. ఆ మధ్య కొలత ఏ మొక్కకి ఎంత అన్నది ఒక్కొక్క పంటకీ విడిగా తేల్చుకోవలసిందే. బొబ్బర్లతో మొదలైంది. వరి వంతు ఇంకా ఉంది, అందులోనూ వరిని మనం నిలిచిన నీటిలో పండిస్తాం.